ముందేం జరిగింది? తర్వాతేం జరిగింది?

టెట్, డీఎస్సీకి చదివేవాళ్ల నోట్‌బుక్‌లో ఒక పేజీ తప్పకుండా ఉంటుంది. ఎడమవైపు థారన్‌డైక్, పావ్‌లోవ్, స్కిన్నర్, కోహ్లర్. కుడివైపు పిల్లి, కుక్క, ఎలుక-పావురం, చింపాంజీ. మధ్యలో బాణం గుర్తులు. టెట్‌లోని 150 ప్రశ్నల్లో శిశువికాసం - పెడగాజీ నుంచి వచ్చేవి 30. అందులో అభ్యసన సిద్ధాంతాలకు వాటా ఉంటుంది కాబట్టి పరీక్ష ముందురోజు రాత్రి ఆ పేజీ ఒకసారి తిరగేసి పడుకుంటారు.

‘యత్నదోష పద్ధతిని ప్రతిపాదించింది ఎవరు?’ అని అడిగితే ఆ పేజీ చాలు. ‘లెక్కల టీచర్‌ కొట్టడంతో లెక్కల పీరియడ్‌ అంటేనే వణికిపోతున్న రవి...’ అంటూ తరగతి గదిని చూపించి అడిగితే మాత్రం బాణం గుర్తులు చేతులెత్తేస్తాయి. పావ్‌లోవా, స్కిన్నరా? రుణ పునర్బలనమా, శిక్షా? నాలుగు ఆప్షన్లూ సరైనవిగానే కనిపిస్తాయి.

షార్ట్‌కట్ల కంటే దీనికి మంచి మందు ఒకటుంది. ఆ ప్రయోగాలను జరిగిన సంఘటనల్లా, జరిగిన వరుసలో చదవడం. ప్రవర్తనావాదం ఒక్కరు ఒక్క రోజులో రాసిపెట్టిన సిద్ధాంతం కాదు. దాదాపు 60 ఏళ్లపాటు ఒకరి పనిని ఇంకొకరు అందుకుంటూ, ఒకరితో ఒకరు పేచీ పడుతూ తేల్చుకోవాలని చూసిన విషయం ఇది: ఒక ప్రాణి చేసే పనికి కారణాన్ని అంతకు ముందు జరిగినదానిలో వెతకాలా, ఆ తర్వాత జరిగినదానిలో వెతకాలా? ఈ ఒక్క ప్రశ్న చేతిలో ఉంటే రవి కథ దానంతట అదే విడిపోతుంది.

నేలమాళిగలో కోడిపిల్లలు

ఎడ్వర్డ్‌ థారన్‌డైక్‌ మొదట పట్టుకున్నది పిల్లుల్ని కాదు, కోడిపిల్లల్ని. హార్వర్డ్‌లో చదివే రోజుల్లో అద్దె గదిలో వాటితో ప్రయోగాలు చేస్తుంటే ఇంటి యజమానురాలు ఒప్పుకోలేదు. చివరికి ఆయన గురువు విలియం జేమ్స్‌ తన ఇంటి నేలమాళిగలోనే చోటిచ్చారు. జేమ్స్‌ భార్యకు అదో తలనొప్పి, ఇంట్లో చిన్నపిల్లలకు మాత్రం మంచి కాలక్షేపం.

పిల్లులు ఆ తర్వాత, కొలంబియా విశ్వవిద్యాలయంలో వచ్చాయి. 1898లో ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథానికి అవే ఆధారం. ఆకలితో ఉన్న పిల్లిని చెక్క పెట్టెలో పెడతారు. తిండి బయట ఉంటుంది. తాడు లాగడమో, మీట నొక్కడమో చేస్తే తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గీరుతుంది, కొరుకుతుంది, సందుల్లోంచి దూరాలని చూస్తుంది. అనుకోకుండా మీట నొక్కుకుపోతుంది. మళ్లీ పెట్టెలో పెడతారు. మళ్లీ మొదలు.

ఇక్కడ అసలు విషయం పిల్లి కాదు, థారన్‌డైక్‌ గీసిన గ్రాఫ్‌. బయటపడటానికి పట్టిన సమయాన్ని ఆయన ప్రతిసారీ నోట్‌ చేశారు. పిల్లికి ‘అర్థమై’ ఉంటే ఏదో ఒక ప్రయత్నంలో ఆ సమయం ఒక్కసారిగా పడిపోవాలి. అలా జరగలేదు. పైకీ కిందకీ ఊగుతూ మెల్లమెల్లగా తగ్గింది. అంటే పనికిరాని చేష్టలు ఒక్కొక్కటే రాలిపోయాయి, తిండి తెచ్చిపెట్టిన చేష్ట నిలిచింది. ఫలిత నియమం పుట్టింది ఈ గ్రాఫ్‌లోంచే. తృప్తినిచ్చే ఫలితం వస్తే ఆ బంధం బలపడుతుంది, చికాకు కలిగితే బలహీనపడుతుంది అని ఆయన మొదట చెప్పారు. 1930ల నాటికి రెండో సగాన్ని ఆయనే సవరించుకున్నారు. బహుమతి బంధాన్ని పెంచినంతగా శిక్ష దాన్ని తగ్గించదని ఆయన తర్వాతి ప్రయోగాల్లో తేలింది. గైడ్లలో ఈ సవరణ ఒక్క లైన్లో పోతుంది. బెత్తం గురించి ఆలోచించే ఏ టీచరుకైనా అది చాలా పెద్ద లైను.

గంటే రాయండి, కానీ...

ఇవాన్‌ పావ్‌లోవ్‌ రష్యాలోని ర్యజాన్‌లో చర్చి పూజారి కొడుకు. మతవిద్య చదువుతూ మధ్యలో వదిలేసి 1870లో సెయింట్‌ పీటర్స్‌బర్గ్‌ వెళ్లి సైన్స్‌లో చేరారు. 1904లో నోబెల్‌ బహుమతి వచ్చింది. దేనికి? నిబంధన ప్రయోగానికి అని టిక్‌ పెట్టేవాళ్లు తక్కువేం కాదు. వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. ఆయన శరీరధర్మ శాస్త్రవేత్త. తనను మనోవిజ్ఞాన శాస్త్రవేత్త అంటే ఇష్టపడేవారు కాదు.

కుక్కల లాలాజలాన్ని కొలుస్తుంటే ఒక అడ్డంకి ఎదురైంది. తిండి నోట్లో పడకముందే, తిండి తెచ్చే మనిషి కనబడగానే లాలాజలం ఊరిపోతోంది. కొలతలు పాడవుతున్నాయి. ఇంకొకరైతే దాన్ని ప్రయోగంలో లోపమనుకుని సరిదిద్దేవారు. పావ్‌లోవ్‌ ఆ లోపం మీదే మిగతా జీవితం పెట్టారు. తిండికి ముందు ఒక శబ్దం వినిపించడం, అలా చాలాసార్లు జతచేయడం, చివరికి శబ్దం ఒక్కదానికే లాలాజలం ఊరడం మనందరికీ తెలిసిన కథ. ఆయన ల్యాబ్‌లో ఎక్కువగా మోగింది గంట కాదు. మెట్రోనోమ్, బజర్, దీపం వెలుగు లాంటివి చాలా వాడారు. పరీక్షలో గంట అని ఉంటే గంటకే టిక్‌ పెట్టండి, అక్కడ వాదనకు దిగొద్దు.

గుర్తుపెట్టుకోవాల్సింది వేరే. లాలాజలం కుక్క ‘చేసే’ పని కాదు, దానికి ‘జరిగేది’. కుక్క ఏం చేసినా చేయకపోయినా తిండి వస్తుంది. ఇక్కడ కారణం ముందు ఉంది. ఇప్పుడు రవిని చూడండి. దెబ్బకు నొప్పి, భయం సహజంగా వస్తాయి. అవి నిర్నిబంధితం. లెక్కల పీరియడ్‌ ఆ దెబ్బతో జతపడింది. ఇప్పుడు దెబ్బ లేకపోయినా పీరియడ్‌ బెల్‌కే గుండె దడ. రవి దీనికోసం ఏమీ చేయలేదు. కాబట్టి ఇది శాస్త్రీయ నిబంధనం. సైన్స్‌ పీరియడ్‌కీ ఆ దడ పాకితే సామాన్యీకరణం.

ప్రకటనల కంపెనీకి వెళ్లిన ప్రొఫెసర్‌

ఈ ముక్కలన్నీ కలిపి ఒక ఉద్యమానికి పేరు పెట్టింది అమెరికాకు చెందిన జాన్‌ బి. వాట్సన్‌. అప్పటిదాకా మనోవిజ్ఞానమంటే మనసులోకి తొంగిచూసుకుని చెప్పడమే. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్హెల్మ్‌ వుంట్‌ ప్రయోగశాల పెట్టాక అదే ప్రధాన పద్ధతి అయింది. చిక్కేమిటంటే, నాకు లోపల ఇలా అనిపించింది అని ఒక ల్యాబ్, కాదు అలా అనిపించింది అని ఇంకో ల్యాబ్‌ చెబితే తీర్పు చెప్పేదెవరు? 1913లో వాట్సన్‌ ఒక వ్యాసంతో ఆ పంచాయితీని తెంచేశారు. మనసును పక్కన పెట్టండి, కంటికి కనిపించే ప్రవర్తనను కొలవండి, దాన్ని ముందే ఊహించడం, అదుపు చేయడమే మన పని అన్నారు. రెండేళ్లకే, 1915లో, ఆయన అమెరికా మనోవిజ్ఞాన సంఘానికి అధ్యక్షుడయ్యారు.

1920లో ఆయన, రోజలీ రేనర్‌ కలిసి ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ చదవడానికి కష్టంగా ఉంటుంది. పుస్తకాల్లో ‘లిటిల్‌ ఆల్బర్ట్‌’ అని పిలిచే పసివాడికి అప్పుడు దాదాపు 11 నెలలు. తెల్ల ఎలుకంటే భయం లేదు. ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనకాల ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి పెద్ద చప్పుడు చేశారు. కొన్నిసార్లకే ఎలుకను చూస్తేనే ఏడుపు. తర్వాత కుందేలు, బొచ్చు కోటు చూసినా భయమే. ఆ భయాన్ని పోగొట్టకుండానే పిల్లాడు ఆసుపత్రి నుంచి వెళ్లిపోయాడు. ఇవాళ ఏ నైతిక కమిటీ కూడా ఇలాంటి ప్రయోగాన్ని అనుమతించదు. సిద్ధాంతం రుజువైందా అనే దానికంటే ఆ పిల్లాడి సంగతేంటి అనే ప్రశ్నే ముందు రావాల్సింది. అప్పట్లో అది రాలేదు.

అదే ఏడాది, రేనర్‌తో వ్యక్తిగత సంబంధం బయటపడటంతో జాన్స్‌ హాప్కిన్స్‌ విశ్వవిద్యాలయం వాట్సన్‌ చేత రాజీనామా చేయించింది. 40 దాటిన వయసులో, చదువుల ప్రపంచంలో తలుపులన్నీ మూసుకుపోయిన మనిషి న్యూయార్క్‌లోని జె. వాల్టర్‌ థాంప్సన్‌ ప్రకటనల కంపెనీలో చేరారు. మొదటి పనుల్లో ఒకటి ఊళ్లు తిరిగి రబ్బరు బూట్ల మార్కెట్‌ గురించి సర్వే చేయడం. కాఫీ అమ్మారు. వినియోగదారులు ఎలా కొంటారో చూడటానికి మేసీస్‌ అనే పెద్ద దుకాణంలో కౌంటర్‌ దగ్గర నిలబడి పనిచేశారు. 1924 కల్లా కంపెనీకి వైస్‌ ప్రెసిడెంట్‌.

ఆల్బర్ట్‌కు చేయాల్సిన పనిని ఇంకో పిల్లాడికి చేసింది మేరీ కవర్‌ జోన్స్‌. ఈమె పేరు మన నోట్‌బుక్‌ పేజీలో ఉండదు, ఉండాలి. పీటర్‌ అనే మూడేళ్ల లోపు పిల్లాడికి కుందేలంటే భయం. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును దూరంగా పెట్టి, సెషన్‌ సెషన్‌కీ కొద్దికొద్దిగా దగ్గరికి జరిపారు. చివరికి పీటర్‌ ఒక చేత్తో కుందేలును నిమిరాడు. 1924లో ఆ అధ్యయనం అచ్చయింది. అందుకే ఆమెను ప్రవర్తనా చికిత్సకు తల్లి అంటారు. రవికి లెక్కల భయం పోగొట్టాలంటే ఏం చేయాలని ప్రశ్న వస్తే సమాధానం ఇక్కడుంది: కొట్టడం ఆపడం మొదటి మెట్టు మాత్రమే. వాడికి ఇష్టమైన ఆటతోనో, కథతోనో లెక్కను కలిపి, తేలికైనదానితో మొదలుపెట్టి ఒక్కో అడుగు దగ్గరికి తేవాలి.

తర్వాత వచ్చేదే కీలకం

బి.ఎఫ్‌. స్కిన్నర్‌ డిగ్రీ ఇంగ్లిష్‌ సాహిత్యంలో. 1926లో కాలేజీ అవగానే రచయిత అవుతానని ఇంట్లో కూర్చున్నారు. ఏడాది గడిచినా చెప్పుకోదగ్గది ఏమీ రాయలేకపోయారు. ఆ రోజుల్లోనే పావ్‌లోవ్, వాట్సన్‌ ఆయన కంటపడ్డారు. 1928లో హార్వర్డ్‌లో సైకాలజీలో చేరారు.

ఆయన పెట్టెలో ఎలుక మీట నొక్కితే తిండి గుళిక పడుతుంది. థారన్‌డైక్‌ పెట్టెకూ దీనికీ పోలిక ఉంది కానీ ఇక్కడ ఎలుకను ప్రతిసారీ తీసి మళ్లీ పెట్టక్కర్లేదు. ఎంతసేపట్లో ఎన్నిసార్లు నొక్కిందో యంత్రమే గీత గీసి చూపిస్తుంది. ప్రాణి ముందు ఒక పని చేస్తుంది, దాని తర్వాత ఏదో వస్తుంది. ఆ వచ్చినదాన్ని బట్టి పని పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఇదే కార్యసాధక నిబంధనం.

పని పెరిగితే అది పునర్బలనం. తగ్గితే అది శిక్ష. ‘ధన’, ‘రుణ’ అంటే మంచి, చెడు కాదు. ఏదైనా ఇస్తే ధన, ఉన్నదాన్ని తీసేస్తే రుణ, అంతే. తలనొప్పికి మాత్ర వేసుకుంటే నొప్పి పోయింది, మళ్లీ తలనొప్పి వస్తే మళ్లీ మాత్ర వేసుకుంటారు. పని పెరిగింది, నొప్పి తీసేశారు. కాబట్టి రుణ పునర్బలనం. మన రవి ఒకరోజు కడుపునొప్పి అని అబద్ధమాడి లెక్కల పీరియడ్‌ తప్పించుకున్నాడనుకుందాం. గుండె దడ తగ్గింది. రేపు మళ్లీ కడుపునొప్పి. ఇది కూడా రుణ పునర్బలనమే. ఒకే పిల్లాడి కథలో భయం పావ్‌లోవ్‌ది, ఎగవేత స్కిన్నర్‌ది. ప్రశ్న ఏ సగాన్ని అడుగుతోందో చూసుకోండి.

ఇక పునర్బలన నియమావళి. దీని వెనక ఒక శనివారం ఉంది. ఎలుకలకు పెట్టే గుళికల్ని స్కిన్నర్‌ చేత్తోనే తయారుచేసుకునేవారు. ఒక శనివారం మధ్యాహ్నం నిల్వ చూసుకుంటే, మిగతా పూటంతా గుళికలు చేస్తూ కూర్చోకపోతే సోమవారం పొద్దున్నకల్లా అయిపోతాయని తేలింది. అయితే ప్రతి నొక్కుకూ ఎందుకివ్వాలి, నిమిషానికి ఒకసారి ఇస్తే పోలేదా అనుకున్నారు. ఎలుకలు మానలేదు, నొక్కుతూనే ఉన్నాయి. అప్పుడప్పుడు మాత్రమే ప్రతిఫలం దొరికిన అలవాటు, ప్రతిసారీ దొరికినదానికంటే మొండిది. ప్రతిఫలం ఆగిపోయాక కూడా చాలాసేపు నిలుస్తుంది. ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఆయన దీనిమీద ఒక పెద్ద పుస్తకమే వేశారు.

నాలుగు రకాలకు ఉదాహరణలు మన చుట్టూ ఉన్నవే చాలు. వెయ్యి బీడీలు చుడితే ఇంత కూలి అనేది స్థిర నిష్పత్తి. రీల్స్‌ ఇంకోటి, ఇంకోటి అంటూ జరపడం చర నిష్పత్తి. ఎన్నో రీలు బాగుంటుందో తెలియదు, అందుకే వేలు ఆగదు. జూదానిదీ ఇదే సూత్రం. సెమిస్టర్‌ పరీక్ష దగ్గరపడితే చదువు పెరిగి, అయిపోగానే పుస్తకం మూలపడటం స్థిర కాలవ్యవధి తీరు. గైడ్లు దీనికి నెల జీతం ఉదాహరణ ఇస్తాయి, అది అంత అతకదు. ఎలాంటి తేదీ లేకుండా నోటిఫికేషన్‌ ఎప్పుడొస్తుందోనని వెబ్‌సైట్‌ను రోజూ తెరిచి చూడటం? చర కాలవ్యవధి. ఈ ఒక్కటీ ఎవరికీ బట్టీ పట్టించక్కర్లేదు.

1948లో స్కిన్నర్‌ చేసిన ఇంకో ప్రయోగం పరీక్షలు రాసేవాళ్లు నవ్వుకుంటూ చదవచ్చు. పావురాలు ఏం చేసినా చేయకపోయినా, నిర్ణీత వ్యవధిలో తిండి దానంతట అదే వచ్చేలా పెట్టారు. 8 పావురాల్లో 6 తలో వింత చేష్ట నేర్చుకున్నాయి. ఒకటి గిరగిరా తిరుగుతుంది, ఇంకొకటి పంజరం మూలవైపు తల విసురుతుంది. తిండి పడిన క్షణంలో ఏం చేస్తున్నాయో దాన్నే పట్టుకున్నాయని ఆయన వివరణ. దాన్ని తర్వాత కొందరు ప్రశ్నించారు. అయినా కిందటిసారి మార్కులొచ్చిన పెన్నుతోనే పరీక్షకు వెళ్లేవాళ్లకు ఆ పావురాల మీద కాస్త జాలి కలగాలి.

ఎక్కడ బీటలు వారింది

కనబడే ప్రవర్తనతోనే అన్నీ చెప్పేయొచ్చు అన్న మాట నిలవలేదు. 1910లలోనే టెనెరీఫ్‌ దీవిలో వోల్ఫ్‌గాంగ్‌ కోహ్లర్‌ చూసిన సుల్తాన్‌ అనే చింపాంజీ రెండు కర్రల్ని ఒకదానిలో ఒకటి దూర్చి దూరంగా ఉన్న పండును లాక్కుంది. థారన్‌డైక్‌ పిల్లి గ్రాఫ్‌లా మెల్లగా కాదు, ఒక్కసారిగా. అదే అంతర్దృష్టి అభ్యసనం.

1930లో టోల్‌మన్, హాన్జిక్‌ ఎలుకల్ని చిక్కుదారిలో వదిలారు. ఒక గుంపుకు పది రోజులు తిండి పెట్టలేదు. తప్పులు పెద్దగా తగ్గలేదు. పదకొండో రోజు నుంచి గమ్యంలో తిండి పెట్టారు. వెంటనే, మొదటి రోజు నుంచి తిండి తిన్న గుంపుతో సమానంగా పరిగెత్తాయి. అంటే ఆ పది రోజులూ నేర్చుకుంటూనే ఉన్నాయి, చూపించడానికి కారణం లేక చూపించలేదు. నేర్చుకోవడం వేరు, చేసి చూపడం వేరు. క్లాసులో నోరు విప్పని పిల్లాడికి ఏమీ రాదని తేల్చేసేముందు ఈ ఎలుకల్ని తలచుకోవాలి.

స్కిన్నర్‌ శిష్యులే ఆయనకు ఇంకో చిక్కు తెచ్చిపెట్టారు. కెల్లర్‌ బ్రెలండ్, మేరియన్‌ బ్రెలండ్‌ దంపతులు చదువు ఆపేసి, ప్రదర్శనలకు, ప్రకటనలకు జంతువులకు శిక్షణ ఇచ్చే వ్యాపారం పెట్టారు. రకూన్‌ అనే జంతువుకు నాణేన్ని డబ్బాలో వేయడం నేర్పారు. ఒక నాణెం దాకా బాగానే ఉంది. రెండు ఇచ్చేసరికి వేయకుండా రెండింటినీ ఒకదానికొకటి రుద్దుతూ కూర్చుంది, తిండిని కడుక్కునే అలవాటులాగా. తిండి ఆలస్యమవుతున్నా మానలేదు. 1961లో వాళ్లు రాసిన వ్యాసం పేరు కూడా స్కిన్నర్‌ 1938 నాటి పుస్తకం పేరును సరదాగా తిప్పి పెట్టినదే. పుట్టుకతో వచ్చిన స్వభావాన్ని ఎన్ని గుళికలూ చెరిపేయలేవని వాళ్ల మాట. అంతకు రెండేళ్ల ముందే, 1959లో, పిల్లలు భాషను బహుమతుల వల్లే నేర్చుకోరంటూ నోమ్‌ చామ్‌స్కీ స్కిన్నర్‌ పుస్తకాన్ని చీల్చిచెండాడారు. స్కిన్నర్‌ మెత్తబడలేదు. 1990 ఆగస్టులో, చనిపోవడానికి 8 రోజుల ముందు కూడా వేదికెక్కి తన వాదనే వినిపించారు.

నాలుగో తరగతి గదిలో

టీచర్‌ ఉద్యోగానికి చదివేవాళ్లకు వీటన్నిటికంటే పనికొచ్చే సంఘటన 1953లో జరిగింది. స్కిన్నర్‌ తన కూతురి నాలుగో తరగతి లెక్కల క్లాసును చూడటానికి వెళ్లారు. టీచర్‌ మంచివారే. కానీ రెండు లోపాలు ఆయన కంటపడ్డాయి. పిల్లాడు చేసిన లెక్క తప్పో ఒప్పో అప్పటికప్పుడు తెలియడం లేదు, దిద్దిన కాగితం తర్వాతెప్పుడో వస్తుంది. పైగా వచ్చినవాడికీ రానివాడికీ ఒకటే వేగం. ఎలుక విషయంలో ఒక్క క్షణం ఆలస్యాన్ని కూడా ఒప్పుకోని మనిషికి ఇది దారుణంగా తోచింది. ఏడాది తిరిగేలోగా బోధన యంత్రాన్ని తయారుచేసి చూపించారు. ఒక చిన్న ప్రశ్న, జవాబు రాయగానే సరిచూసుకోవడం, తర్వాతి ప్రశ్న, ఎవరి వేగం వాళ్లది. మన సిలబస్‌లో కార్యక్రమయుత అభ్యసనం అని బిట్‌గా వచ్చేది ఇదే. మీరు ఇప్పుడు ఫోన్‌లో రాసే మాక్‌టెస్టులో టిక్‌ పెట్టగానే పచ్చ, ఎరుపు రంగు వెలగడం వెనక ఉన్నదీ ఆ ఆలోచనే. 150 ప్రశ్నలూ రాసి కీ కోసం వారం ఆగడం కంటే, కొత్తగా నేర్చుకునే దశలో పది ప్రశ్నలు రాసి వెంటనే చూసుకోవడం మేలు.

శిక్షను స్కిన్నర్‌ జీవితమంతా వ్యతిరేకించారు. అది ప్రవర్తనను కాసేపు అణచిపెడుతుందే తప్ప ఏం చేయాలో నేర్పదన్నది ఆయన అభ్యంతరం. మన దగ్గర విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్‌ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. పరీక్షలో ఈ సెక్షన్‌ విడిగా, స్కిన్నర్‌ విడిగా వస్తారు. బడిలో అవి రెండూ ఒకే పీరియడ్‌లో ఎదురవుతాయి.

శిక్ష వద్దంటే అన్నిటికీ చాక్లెట్లు పంచడమా? అక్కడా జాగ్రత్త కావాలి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్‌ అనే ముగ్గురు, రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని మూడు గుంపులు చేశారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్‌ ఇస్తామని ఒక గుంపుకు ముందే చెప్పారు. ఒక గుంపుకు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకు ఎవరూ అడగకుండా పెన్నులు బల్ల మీద పెట్టి చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు వేశారు. ఇష్టంతో చేసే పని కూలిపనిలా మారింది. చెప్పకుండా ఇచ్చిన గుంపుకు ఆ నష్టం జరగలేదు. ఈ ప్రయోగం ప్రేరణ చాప్టర్‌లో, అంతర్గత - బాహ్య ప్రేరణ కింద వస్తుంది. పునర్బలనం అభ్యసన చాప్టర్‌లో ఉంటుంది. మధ్యలో ఎన్ని పేజీలున్నా ఆ రెండింటినీ ఒకే రోజు చదవండి.